సిమెంటు కింద గాలి

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా చుట్టాలకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయాను. కాకినాడలో ఉన్న మా మేనత్తకు ఒకసారి ఫోన్‌లో ఓపిగ్గా వివరించాను. అంతా విని ఆవిడ, "అంటే విమానమెక్కి అంత దూరం పోయింది చెత్తకుప్పకి కాపలా కాయడానికా తల్లీ?" అంది. అవునత్తా అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. మా చర్చిలో ఎవర్ని కదిపినా సాఫ్ట్‌వేరే. సన్నీవేల్‌కి రోజూ బండి నడిపేవాళ్ళు కొందరు, ఇంట్లోంచే లాగిన్ అయ్యేవాళ్ళు కొందరు. నేనొక్కదాన్నే చెత్త.

అమెరికా పడమటి తీరాన, శాన్ రామన్‌లో మా ఇంటి నుంచి కారులో కాసేపు పోతే ఒక పాత ల్యాండ్‌ఫిల్ వస్తుంది. మనవైపు డంపింగ్ యార్డ్ అంటారే, అదే. నిండిపోయాక మూసేసి, పైన మందంగా మట్టి కప్పి, గడ్డి మొలిపించారు. ఇప్పుడు చూస్తే పచ్చటి గుట్ట, దాని మీద గంతులేసే ఉడతలు. కింద చెత్త మాత్రం ఇంకా కుళ్ళుతూనే ఉంది. కుళ్ళేకొద్దీ మీథేన్ పుడుతుంది. గుట్టలోకి బావుల్లాగా గొట్టాలు దింపి, మోటార్లతో ఆ గ్యాస్‌ని పీల్చి, ఒక మూల కాల్చేస్తాం. పీల్చగా మిగిలింది ఊరుకోదు. ఎటు దారి దొరికితే అటు మట్టిలో పాకుతుంది. అది కంచె దాటి పక్కవాళ్ళ స్థలాల్లోకి పోకుండా చూడడమే నా పని.

కంచె పొడవునా భూమిలో సన్నటి గొట్టాలు పాతి ఉంటాయి. ప్రోబ్‌లంటాం వాటిని. ఒక్కొక్క దానికీ మీటరు ట్యూబు తగిలించి, లోపలి గాలిని లాగి, అందులో మీథేన్ ఎంతుందో చూస్తాను. గాలిలో అది ఐదు శాతానికి చేరిందంటే అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. కంచె దగ్గర ఆ అంకె దాటితే కౌంటీకి, అంటే ఇక్కడి జిల్లా యంత్రాంగానికి, చెప్పి తీరాలి. కట్టడాల లోపలైతే హద్దు ఇంకా చాలా తక్కువ.

ఈ పనికి ఒక మర్మం ఉంది. ఎండగా, ఆకాశం తేటగా ఉన్న రోజున గాలి బరువుకి గ్యాస్ మట్టిలోనే అణిగి ఉంటుంది. వాన వచ్చే ముందు పీడనం పడిపోతుంది చూడండి, అప్పుడు బయటికొస్తుంది. అందుకే మంచి ఎండ రోజున కొలిచి, సున్నా వచ్చిందని సంబరపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కోస్తాలో పుట్టినదాన్ని, అల్పపీడనం సంగతి నాకొకరు నేర్పక్కర్లేదు. రేడియోలో ఆ మాట వినగానే మా అమ్మ ఎండబెట్టిన వడియాలు లోపలికి తెచ్చేది. నేను మీటరు ఛార్జింగ్‌కి పెడతాను.

ఆ కంచెకి అవతలే మా చర్చి. చాలా ఏళ్ళు ఒక స్కూలు క్యాంటీన్ అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్ళం. ప్రతి ఆదివారం కుర్చీలు వేయడం, మైకులు బిగించడం, మళ్ళీ అన్నీ విప్పి కార్లలో సర్దుకోవడం. ఆఖరికి ల్యాండ్‌ఫిల్ పక్కన ఫర్నిచర్ గోడౌన్ ఒకటి అమ్మకానికొస్తే సంఘం కొనుక్కుంది. కొనేముందు పాస్టర్ గారు నన్నడిగారు. అందరం ఆయన్ని అయ్యగారంటాం. "కొనొచ్చు అయ్యగారూ, కానీ హాల్లో గ్యాస్ అలారం పెట్టించండి. నేనెలాగూ కంచె దగ్గర కొలుస్తూనే ఉంటాను" అన్నాను. ఈ సంఘం నాదేనని మా సూపర్‌వైజర్‌కీ ముందే చెప్పాను. కొన్నాక రెండేళ్ళు ఏ గొడవా లేదు. ప్రోబ్‌లు బుద్ధిగా ఉన్నాయి.

హాలుకీ కంచెకీ మధ్య మట్టి స్థలం ఉండేది. దానికి ఒక చివర భోజనాల షెడ్డు. నెలకోసారి ఆరాధన తర్వాత ప్రేమ విందు పెట్టుకుంటాం. మావాళ్ళు హాలు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచేస్తారు. వాక్యం విన్న కాళ్ళతోనే, అంటే వట్టి కాళ్ళతోనే, షెడ్డుకి నడిచిపోయి చాపల మీద బంతిగా కూర్చుంటారు. అమెరికా అయితే మాత్రం, అన్నం దగ్గరికి చెప్పులతో ఎవరు పోతారు? అందువల్ల వానాకాలం వచ్చిందంటే చాపల నిండా బురద పాదాలే. పెద్దవాళ్ళు జారుతారని భయం.

ఇక్కడ మా నాన్న రంగంలోకి దిగాడు. రెడ్‌మండ్‌లో చెల్లెలి పురిటికని అమ్మా నాన్నా వచ్చారు. అమ్మ అక్కడే బాలింత సేవలో ఉండిపోయింది. చంటిపిల్ల ఇంట్లో మగవాడికి పనేముంటుంది, నాన్న మా ఇంటికి వచ్చేశాడు. ఆయన రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోమంటే ఆయనకు శిక్ష వేసినట్టే. పొద్దున వాకింగ్‌కి పోయి సైడ్‌వాక్‌ల మీద మడమతో తట్టి చూసి, ఇంటికొచ్చి మార్కులు వేసేవాడు. చర్చిలో ఆ మట్టిని చూసిన రోజునే, "ఇదేం ఖర్మ, గచ్చు చేయించుకోలేరా?" అన్నాడు.

నేను పాపను చూడడానికి రెడ్‌మండ్ వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చేసరికి గచ్చు తయారు. నన్ను ఆశ్చర్యపరచాలని ఎవరూ ఫోన్‌లో చెప్పలేదట. రెడీమిక్స్ లారీ తెప్పించి, సంఘం కుర్రవాళ్ళ చేత చదును చేయించి, దగ్గరుండి పోయించాడు. కంచె మొదలు నుంచి హాలు గోడ వరకూ జానెడు మట్టి కనపడకుండా కప్పేశాడు. గోనెసంచులు దొరక్కపోతే మా ఇంట్లో పాత దుప్పట్లన్నీ పట్టుకెళ్ళి పరిచి, రోజూ పైపుతో తడిపాడట. అయ్యగారు ఆదివారం ప్రసంగంలో ఆ గచ్చు గురించి చెప్పారు. క్రిస్మస్‌కి నాన్నకు శాలువా కప్పాలని పెద్దలు తీర్మానించారు. నేను కూడా దాని మీద వట్టి కాళ్ళతో నడిచి, నున్నగా ఎంత బాగుందో అనుకున్నాను. నాన్న ముఖం చూస్తే ఉద్యోగం తిరిగొచ్చినంత వెలుగు.

ఆ ఏడాది తొలివానకు ముందు, పీడనం పడుతున్న రోజున ప్రోబ్‌లు కొలవడానికి వెళ్ళాను. చర్చి పక్కనున్న ప్రోబ్‌కి ట్యూబు పెట్టగానే అంకె పైకి పాకడం మొదలైంది. మీటరు పాడైందనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మనకు నచ్చని అంకె వస్తే ముందు మీటరునే అనుమానిస్తాం. బయటి గాలిలో పెట్టి సరిచూసి, మళ్ళీ తగిలించాను. అదే అంకె. హద్దు దాటేసింది.

నాకు ముందు హాలు గుర్తొచ్చింది. అయ్యగారికి ఫోన్ చేసి తాళం తెప్పించుకుని లోపలికి వెళ్ళాను. పెద్ద హాల్లో ఏమీ లేదు, అక్కడ గాలి ఆడుతుంది. అలారం కూడా నిశ్శబ్దంగానే ఉంది. గోడా నేలా కలిసే చోట్ల, కరెంటు వైర్లు నేలలోంచి పైకొచ్చే కన్నాల దగ్గర, ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయాను. సండే స్కూల్ గదిలో, పిల్లల రంగుకాగితాలు దాచే అలమారా తలుపు తీసి ట్యూబు లోపల పెట్టాను. మీటరు కూసింది. మా అమ్మాయి కూర్చునే గది అది. డిసెంబరులో ఆ గదిలోనే పిల్లల చేతికి కొవ్వొత్తులిచ్చి, వెలిగించి, వరుసలో హాల్లోకి నడిపిస్తాం. ముందు కరెంటు మెయిన్ ఆపించి, కిటికీలన్నీ తెరిపించి, బయటికొచ్చాకే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి హాలు మూయించి, తలుపుకి నోటీసు అంటించింది. గ్యాస్ తగ్గిందని రుజువయ్యేదాకా లోపల ఎవరూ ఉండకూడదు. తగ్గకపోతే ఆ హాలు ఇక మాది కాదన్నట్టే.

ఆ ఆదివారం మళ్ళీ స్కూలు క్యాంటీన్‌లో ఆరాధన. అయిపోయాక సంఘ పెద్ద ఒకాయన నా దగ్గరికొచ్చాడు. పెద్ద కంపెనీలో మేనేజరు.

"సిస్టర్, మనవాళ్ళమే కదా, రిపోర్ట్ చేసేముందు ఒక్క మాట మాతో డిస్కస్ చేయొచ్చుగా? ఆ రూంలో నేనూ కూర్చున్నాను, నాకైతే ఏ స్మెల్లూ రాలేదు."

"వంటింటి సిలిండర్‌లో వాసన కావాలని కలుపుతారు బ్రదర్, లీకైతే తెలియాలని. భూమిలో పుట్టేదాంట్లో ఎవరు కలుపుతారు? చెత్త కంపేదైనా ఉంటే మట్టిలోనే ఆగిపోతుంది. మీథేన్ ఒక్కటే మన దాకా వస్తుంది."

"అది కాదు సిస్టర్, ప్రేయర్‌లో పెట్టి కొన్నాళ్ళు వెయిట్ చేస్తే..."

"పెట్టండి. నేనూ పెడతాను. కానీ నోటీసు మాత్రం ఉంటుంది."

నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. అయ్యగారు మధ్యలోకి వచ్చి, "ప్రార్థనా చేద్దాం, అమ్మాయి చెప్పినట్టూ చేద్దాం. రెండింటికీ తగువు లేదు కదా" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపైంది.

అసలు తగువు నా బుర్రలోనే ఉంది. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది? గుట్టలో బావులు సరిగ్గానే పీలుస్తున్నాయి, మోటార్లలో తేడా లేదు. ఇంకా గట్టిగా పీల్చేస్తే సరి కదా అంటారేమో, అది కుదరదు. అతిగా లాగితే పైనుంచి గాలి లోపలికి దిగి చెత్త లోలోపలే అంటుకుంటుంది. దారి తెలియకుండా ఏం చేసినా చీకట్లో రాయి విసిరినట్టే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మన పెద్దలు.

ఒక సాయంత్రం టీ తాగుతూ ఆ మాటే పైకి అంటున్నాను. నాన్న విని రోషపడ్డాడు.

"నా గచ్చు వల్ల ఏదైనా తేడా వచ్చిందంటారేమో, ముందే చెప్తున్నా అమ్మాయ్. దాని కింద ప్లాస్టిక్ షీటు పరిచి మరీ పోయించాను. చెమ్మ కాదు కదా, చీమ కూడా పైకి రాలేదు."

ఆ మట్టి స్థలం ఇన్నేళ్ళూ చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. కంచె దాటి వచ్చిన కాస్త గ్యాస్ ఆ మట్టిలోంచి మెల్లగా పైకి పోయి గాలిలో కలిసిపోయేది. ఎవరికీ చెడుపు లేదు. ఇప్పుడు పైన మూత పడింది. పైకి దారి లేక అది పక్కకు జరిగింది. పక్కన హాలుంది.

దాచిపెట్టే గుణం నాకు లేదు. ఉన్నా దాచగలిగే విషయం కాదు. "నాన్నా, పైకి రాలేదు కాబట్టే అది పక్కకి పోయింది" అన్నాను.

పనితనం తెలిసిన మనిషి, రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"అంటే పిల్లల గదిలోకి దాన్ని తోసింది నేనా?"

"నీకు తెలీదు నాన్నా. దాని మీద నడిచిన నాకే తట్టలేదు. కౌంటీని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు."

"నేనే కదా?"

తలూపాను. మా అమ్మాయి వచ్చి ఆయన పక్కన కూర్చుని, తనకొచ్చిన తెలుగులో, "తాతయ్యా, నువ్వు తెలీదు కదా, ఇట్స్ ఓకే" అంది. ఆయన దాని తల నిమిరి, లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు మా ఆయన్ని పిలిచి, టికెట్ ముందుకు జరిపించమన్నాడు. ఆదివారం ఆరాధనకు రానన్నాడు. చిన్నప్పటి నుంచీ జ్వరం ఉన్నా చర్చి మానని మనిషి. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపాన్ని గిన్నెల మీద చూపించాను. హాలు పోతే ఇంకో హాలు దొరుకుతుందేమో. ఈయన మాత్రం పిల్లల నెత్తి మీద ప్రమాదం పెట్టిన మనిషిగా ఇంటికి తిరిగిపోతాడు, ఆ మాట ఎవరూ అనకపోయినా తనలో తాను అనుకుంటూ బతుకుతాడు. అది నేను భరించలేను.

మా ఆఫీసులో ప్లాను త్వరగానే తేలింది. కంచె వెంబడి, హాలు గోడ వెంబడి గచ్చును పట్టీలా కోసి తీసేయాలి. అక్కడ కందకం తవ్వి కంకర నింపాలి. అందులో చిల్లుల గొట్టం పడుకోబెట్టి, దాని చివర హాలు కప్పు కన్నా ఎత్తుకు లేపాలి. గ్యాస్‌కి పైకి దారి మనమే ఇస్తున్నామన్నమాట. గుట్టలో దగ్గరున్న బావుల్ని కూడా కాస్త సర్దాలి. కౌంటీ సరేనంది.

కోత రోజు పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే నాన్న కారు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో దారపుండ, సుద్దముక్క.

"మార్కింగ్ నేను పెడతాను" అన్నాడు. "వాళ్ళిష్టమొచ్చినట్టు కోస్తే మిగతాది కూడా బీటలిస్తుంది."

అన్ని రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి పొడుగాటి మాట అది. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని దారం పట్టి, సుద్ద గీశాడు. కోసే యంత్రం మొదలయ్యాక చప్పుడుకి అందరం దూరం జరిగాం. ఆయన జరగలేదు. తాను తడిపి తడిపి గట్టిపరిచిన సిమెంటు దుమ్మై లేస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. సంఘ పెద్దగారు లీవు పెట్టి వచ్చి పార అందుకున్నాడు. "అంకుల్, ఇది మామూలు సిమెంటు కాదండీ, బ్లేడు అరిగిపోతోంది" అన్నాడు. నాన్న ముఖంలో నవ్వు లాంటిది ఒకటి కదిలింది. మధ్యాహ్నం ఆయనే కంకర సైజు బాగాలేదని ఒక లోడు వెనక్కి పంపించాడు. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది. టికెట్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత ఎండ రోజుల్లో కొలిచిన ప్రతిసారీ అంకె తగ్గుతూ వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు. అయ్యగారు అడిగితే, "వాన రానివ్వండి" అన్నాను. ఇన్‌స్పెక్టర్‌దీ అదే మాట. పీడనం పడిన రోజున తన కళ్ళముందు కొలవాలంది.

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా సముద్రం మీంచి పెద్ద వాన కమ్ముకొచ్చింది. పొద్దున్నే చూస్తే పీడనం జారిపోతోంది. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను. నేను పిలవకుండానే నాన్న గొడుగు పట్టుకుని కారెక్కాడు.

ముందు కంచె దగ్గర ప్రోబ్ చూశాం. నాన్న గొడుగు నా మీద కాకుండా మీటరు మీద పట్టాడు. అంకె హద్దుకి బాగా కిందే నిలిచింది. తర్వాత కొత్త గొట్టానికి ట్యూబు పెట్టాను. అక్కడ అంకె ఎగబాకింది.

"ఏంటమ్మాయ్, ఇంతుందేంటి?"

"ఉండాలి నాన్నా. దాన్ని రమ్మన్నది ఇక్కడికే."

తలుపు తాళం తీసి సండే స్కూల్ గదిలోకి వెళ్ళాం. ఇన్‌స్పెక్టర్ మా వెనకే ఉంది. వైర్ల కన్నాల దగ్గర కొలిచాను. గోడ వెంట కొలిచాను. అలమారా తలుపు తీసి ట్యూబు లోపలికి పెట్టి, కావలసినదాని కన్నా ఎక్కువసేపే ఆగాను. సున్నా. తెర ఆమెకు చూపించాను. నాన్న కళ్ళజోడు తుడుచుకుని, వంగి చూశాడు.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు.

పెట్టాను. సున్నాయే.

బయట వాన దంచికొడుతోంది. ఇన్‌స్పెక్టర్ తన మీటరుతో కూడా ఒకసారి చూసుకుని, నవ్వి, వెళ్ళి తలుపు మీది నోటీసు పీకేసింది. ఇకపైన కూడా తరచుగా కొలవాలంది, ఆ గదిలోనూ ఒక అలారం పెట్టమంది, పిల్లల్ని తెచ్చుకోవచ్చంది. ఆ చివరి మాట నేను తెలుగులో చెప్పబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు, అర్థమైందని. పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని, అంత పెద్ద మనిషి అందులో కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని పైకే ఏడ్చేశాడు. మా నాన్న ఏడవగా చూడడం నాకు అదే మొదలు. మీటరు కిందపెట్టి, నేల మీద కూర్చుని, ఆయన మోకాళ్ళు పట్టుకున్నాను.

"పిల్లలకి ఏమీ కాలేదు కదమ్మా?" అన్నాడు.

"ఏమీ కాలేదు నాన్నా" అన్నాను. "ఒక్కరికి కూడా."